దీవెన నాతో చెప్పిన మాట

ఆదివారం, అక్టోబరు 5

హాల్లో హీటింగ్ మళ్ళీ లేదు. పొద్దున ఇంగ్లీషు వాళ్ళ ఆరాధన అవగానే ఆపేసి వెళ్తారు. మధ్యాహ్నం మన తెలుగు సహవాసం మొదలయ్యేసరికి గోడలు కూడా చల్లబడిపోతాయి. సండే స్కూలు పిల్లలందరూ కోట్లు విప్పకుండానే కూర్చున్నారు.

కంఠత వాక్యాల పోటీ ప్రకటించాను. క్రిస్మస్ ప్రోగ్రాంలో అందరి ముందూ చెప్పాలి. ఈసారి పెద్ద కీర్తన, తెలుగులోనే. ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలుగు చదవడం రాదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంచాను. సగం మాటలకి అర్థం తెలీదు వాళ్ళకి. అయినా అప్పజెప్తారు. ఆ షెఫీల్డ్ యాసలో మన వాక్యం వింటే ముందు నవ్వొస్తుంది, వెంటనే కళ్ళు చెమ్మగిల్లుతాయి. ఎందుకింత పట్టుబడతానో నాకు తెలుసు. తెనాలి దగ్గర మా సండే స్కూల్లో వాక్యం తప్పు లేకుండా చెప్పిన వాళ్ళకి మాస్టారు వేరుశెనగ అచ్చు పెట్టేవారు. ఆ సంతోషం వీళ్ళకీ తెలియాలని నా తాపత్రయం.

దీవెన, మన కీబోర్డు ప్రకాశ్ కూతురు, పోయినేడాది షీల్డు గెల్చుకుంది. తొమ్మిదేళ్ళ పిల్ల. కాగితం చేతికిచ్చిన కాసేపటికే సగం కీర్తన చెప్పేసింది! మధ్యలో ఒక్కచోట ఆగింది. ఆగి నా వైపు చూడలేదు, తలుపు వైపు చూసింది. తలుపవతల వాళ్ళ నాన్న కీబోర్డు వైర్లు చుడుతున్నాడు. నేను మాట అందిద్దామని నోరు తెరిచేలోపు మళ్ళీ అందుకుంది.

"దీవెనని చూసి నేర్చుకోండి" అన్నాను మిగతా వాళ్ళతో. దానికి చాకొలెట్ ఇంకోటి ఎక్కువిచ్చాను.

బుధవారం, అక్టోబరు 8

హాస్పిటల్ వార్డులో స్టాఫ్ తక్కువ, బెడ్లన్నీ నిండు. కాళ్ళు పీకుతున్నాయి. ఇవాళ్టికి ఇంతే.

ఆదివారం, అక్టోబరు 12

రాయబుద్ధి కావట్లేదు. రాయకపోతే ఇంకా కష్టంగా ఉంది.

క్లాసు మొదట్లో ఎప్పట్లాగే స్తుతులు. ఒక్కొక్కళ్ళూ దేవుడికి దేనికి థాంక్స్ చెప్తారో చెప్పాలి. ఒకడు కొత్త ట్రెయినర్స్ బూట్లకి చెప్పాడు. ఒకతి వాళ్ళ పిల్లికి చెప్పింది. దీవెన వంతు వచ్చింది. ఈ వారమంతా డాడీకి వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టులు ఉన్నందుకు థాంక్స్, అంది. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

జ్యూస్ పోస్తుంటే నా పక్కకి వచ్చింది. అది తెలుగు అర్థం చేసుకుంటుంది, జవాబు మాత్రం ఇంగ్లీషే. ఈ వారం కీర్తన రెండో సగం ఇంకా పూర్తిగా రాలేదట. "డాడీకి చెప్పకండి" అంది. ఏం పర్లేదమ్మా, క్రిస్మస్ చాలా దూరం ఉందిగా అన్నాను. అప్పుడు చెప్పింది. లైన్ తప్పితే నాన్న 'ద దోసె థింగ్' తెస్తాడట. అట్లకాడ. తొడ వెనకాల కొడతాడట, స్కూల్లో కనపడకుండా. నేనేమీ అడగలేదు. అడగకుండానే ఇంకోటి కూడా చెప్పింది, నన్ను ఓదారుస్తున్నట్టు — "ఇట్స్ ఓన్లీ వెన్ ఐ ఫర్గెట్, ఆంటీ."

అమ్మ ఏమంటుందీ అన్నాను. డాడీకి జీసస్ అంటే అంత ఇష్టం అందుకే, అంటుందట సునీత.

చేతిలో జగ్గు అలాగే ఉండిపోయింది. "యూ వోంట్ టెల్, విల్ యూ?" అంది. ఆ మొహం చూసి... "చెప్పను తల్లీ" అన్నాను.

అన్నాక గుర్తొచ్చింది. ఈ హాలు మాకిచ్చేటప్పుడు ఇంగ్లీషు చర్చి వాళ్ళు పెట్టిన షరతు, పిల్లల క్లాసు చెప్పేవాళ్ళు పిల్లల భద్రత కోర్సు చెయ్యాలని. వాళ్ళ తరఫున ఆ పని చూసే జానెట్ మాకు చెప్పింది. పెద్దావిడ, నెమ్మదిగా మాట్లాడుతుంది. పిల్లలు ఇలాంటిది చెప్తే రహస్యంగా ఉంచుతానని మాత్రం ఎప్పుడూ మాటివ్వొద్దు. అదే రోజు నాకు ఫోన్ చెయ్యండి. ఈ రెండే గట్టిగా చెప్పింది. నేను బుద్ధిగా తల ఊపి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను.

రెండూ ఒక్క పూటలో తప్పాను.

కీర్తన ఎంచింది నేను. పోటీ పెట్టింది నేను. షీల్డు కొనిపించింది నేను.

సోమవారం, అక్టోబరు 13

ఈయనకి చెప్పాను. సహవాసంలో పెద్దల్లో ఒకరు కదా, ఏదో దారి చూపిస్తారని. టీ కప్పు పక్కన పెట్టారు.

"ప్రకాశ్ మంచోడే కరుణా. నైట్ షిఫ్టు చేసొచ్చి కూడా పాటల ప్రాక్టీసుకి వస్తాడు. కోపం ఉంది, నిజమే..."

"తొడ మీద అట్లకాడతో కొడుతున్నాడండీ."

"మనల్ని కొట్టలేదా? బెత్తం వాడని తండ్రి కొడుక్కి విరోధి అన్న ఆ వాక్యం పట్టుకుని మన పెద్దవాళ్ళు ఏం తక్కువ చేశారు?"

మా నాన్న నన్ను ఎప్పుడూ కొట్టలేదు. ఆ మాట అనలేదు.

"కౌన్సిల్ పిల్లల విభాగం వాళ్ళు దిగితే పిల్లని తీసుకుపోతారు. సునీత కేర్ హోమ్ వీసా మీద ఉంది. ఆ వీసా మీదే ముగ్గురూ ఉన్నారు. నువ్వు ఒక్క ఫోన్ చేస్తే వాళ్ళ బతుకేమవుతుందో ఆలోచించావా?"

ఆలోచించాను. ఆలోచిస్తూనే ఉన్నాను.

మంగళవారం, అక్టోబరు 14

బ్రేక్‌లో జానెట్ నంబరు తీశాను. పెట్టేశాను. మళ్ళీ తీశాను. అవతల బెడ్ బెల్ మోగింది, వెళ్ళిపోయాను. బెల్ మోగినందుకు సంతోషించాను కూడా.

గురువారం, అక్టోబరు 16

స్త్రీల ఉపవాస ప్రార్థన, పాస్టరమ్మ గారింట్లో. సునీతకి షిఫ్టు, రాలేదు. ప్రార్థనాంశాలు చెప్పుకుంటున్నాం. ఒకావిడ మోకాళ్ళ నొప్పులు, ఒకావిడ అల్లుడి ఉద్యోగం. నా వంతు వచ్చింది.

"ఒక చిన్న బిడ్డ కోసం" అన్నాను. "వాక్యాలు తప్పు చెప్తే ఇంట్లో దెబ్బలు తింటోంది. పేరు చెప్పలేను."

అంతే. ఎవరూ ఏమీ అడగలేదు. అందరూ ఒక్కసారి ఎలుగెత్తి ప్రార్థించారు. ఏడ్చారు. నేనూ ఏడ్చాను. పాస్టరమ్మ గారు నా చెయ్యి పట్టుకుని, "దేవుడు ఆ బిడ్డని చూసుకుంటాడు కరుణమ్మా" అన్నారు. గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. ఉపవాసం విడిచి పులిహోర రెండుసార్లు వడ్డించుకున్నాను.

చెయ్యాల్సింది చేశాననిపించింది.

శనివారం, అక్టోబరు 18

పాస్టరు గారు ఫోన్.

"అమ్మా, మీ భారం ప్రభువు విన్నాడు. నిన్న సాయంత్రం ప్రకాశ్‌తో మాట్లాడాను. చిన్నపిల్లాడిలా ఏడ్చాడమ్మా. ఇద్దరం మోకరించాం. ఇక అయిపోయినట్టే."

నేను పేరు చెప్పలేదు కదండీ అన్నాను.

"కంఠత వాక్యాల్లో అంత పట్టుదల ఎవరింట్లో ఉందో మనకి తెలియదా అమ్మా! మీ పేరు నేను ఎత్తలేదు, కంగారుపడకండి."

ఎత్తక్కర్లేదు. ఆ పిల్ల ఇంకెవరితో చెప్తుంది? ప్రకాశ్‌కి ఆ మాత్రం తెలియదా? శుక్రవారం రాత్రి ఆ ఇంట్లో ఏం జరిగి ఉంటుంది... అడగలేదు. "మంచిదండీ" అని పెట్టేశాను. మంచిదట!

ఆదివారం, అక్టోబరు 19

వచ్చారు. ముగ్గురూ. సునీత నా వైపు చూడలేదు. ప్రకాశ్ మాత్రం చేతులు జోడించి "వందనాలు ఆంటీ" అన్నాడు, ఎప్పటికంటే మర్యాదగా.

ఆరాధన మధ్యలో పాస్టరు గారు, ఒక సహోదరుడు సాక్ష్యం చెప్తాడు అన్నారు. ప్రకాశ్ కీబోర్డు దగ్గర్నుంచి లేచి మైకు తీసుకున్నాడు. తనలో ఒక కోపం ఉండేదట. ప్రభువు దాన్ని తీసేశాడట. తండ్రిగా తప్పు చేశానన్నాడు. అబద్ధం చెప్తున్నాడని నేననను. ఆ నిమిషంలో నిజంగానే ఏడ్చాడు. హాలంతా హల్లెలూయా.

అప్పుడు పాస్టరు గారు, "దీవెనా, రా అమ్మా" అన్నారు.

పిల్ల లేవలేదు. సునీత లేపింది. నడిచి ముందుకెళ్ళింది, కుర్చీల మధ్య దారిలో, అందరూ చూస్తుండగా. "డాడీని క్షమించావా అమ్మా? హగ్ ఇవ్వు డాడీకి." ప్రకాశ్ మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని కౌగిలించుకున్నాడు. అందరూ చప్పట్లు. కొందరు ఫోన్లు తీసి వీడియో.

దాని చేతులు రెండూ కిందికి వేలాడుతున్నాయి. నేను చూస్తూ కూర్చున్నాను. లేచి, ఆపండి అనలేదు. వెనక కుర్చీలో కూర్చుని చూశాను.

క్లాసులో అది అందరికంటే దూరంగా, రేడియేటర్ దగ్గర కూర్చుంది. నేను దగ్గరికెళ్ళి కూర్చున్నాను. చాలాసేపటికి, నా మొహం చూడకుండా, మామూలుగా టైమ్ చెప్తున్నట్టు అంది —

"యూ సెడ్ యూ వుడంట్."

అవునమ్మా, అన్నాను. సారీ అన్నాను. ఇంకేం మాట్లాడినా తప్పే.

పిల్లల్ని ఇంకో ఆవిడకి అప్పజెప్పి బయటికొచ్చాను. కార్ పార్కులో వాన. జానెట్‌కి ఫోన్ చేశాను. లోపల ముగింపు ప్రార్థన వినిపిస్తూనే ఉంది. చెప్పాను, మొత్తం, నా బోడి ఇంగ్లీషులో. ఆవిడ మధ్యలో ఒక్కసారి అడ్డుపడింది, పాప నీకు ఎప్పుడు చెప్పింది అని. పోయిన ఆదివారం అన్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఈ రాత్రి ఆ పాప ఎక్కడ పడుకుంటుంది?" అని అడిగింది.

ఆ ప్రశ్న వారం రోజుల్లో మాలో ఒక్కళ్ళం కూడా వేసుకోలేదు. ప్రకాశ్ ఆత్మ గురించి అడిగాం. సునీత వీసా గురించి, సహవాసం పరువు గురించి మాట్లాడుకున్నాం.

కౌన్సిల్ పిల్లల విభాగానికి తనే ఇప్పుడే ఫోన్ చేస్తానంది.

సోమవారం, అక్టోబరు 20

కౌన్సిల్ నుంచి ఒకామె ఫోన్ చేసింది. పాప అన్న మాటలు పాప అన్నట్టే చెప్పమంది, మీ అభిప్రాయం వద్దంది. చెప్పాను. "ఓన్లీ వెన్ ఐ ఫర్గెట్" అన్న మాట రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆమె ఆగింది, తొందరపెట్టలేదు.

ఇవాళే స్కూల్లో దీవెనతో మాట్లాడతారట.

మంగళవారం, అక్టోబరు 21

సునీత ఫోన్. వార్డు కారిడార్లో నిలబడి విన్నాను.

"ఆంటీ, మా అమ్మ లాంటి వారనుకున్నాను మిమ్మల్ని. పిల్లని మీ దగ్గర కూర్చోబెట్టాను ప్రతి ఆదివారం. ఇంటికి ఇద్దరు మనుషుల్ని పంపిస్తారా? పిల్ల కాళ్ళు చూపించమన్నారు నన్ను! నా పిల్లని నాకు కాకుండా చేస్తారా మీరు?"

"సునీతా, దానికి దెబ్బలు..."

"నాకు తెలీదా ఆంటీ?" అని అరిచింది. తర్వాత ఆ గొంతే మారిపోయింది. "నాకు తెలీదా" అంది మళ్ళీ, మెల్లిగా. పెట్టేసింది.

గురువారం, అక్టోబరు 23

పాస్టరు గారు, ఇంకో పెద్దాయన ఇంటికొచ్చారు. కూర్చోగానే ప్రార్థన చేశారు. ఆ ప్రార్థనలోనే నన్ను తిట్టడం అయిపోయింది, 'తొందరపాటు మాటల నుంచి మమ్మల్ని కాపాడు ప్రభువా' అని. కళ్ళు తెరిచి విన్నాను.

"విశ్వాసుల మధ్య విషయం లోకంలోకి ఈడ్చారమ్మా. ప్రకాశ్ మారాడు. మీ కళ్ళతో చూశారు కదా. దేవుడు బాగుచేసిన ఇల్లు మీరు కూలదోశారు."

వయసు మీదపడ్డా పాస్టరు గారి ముందు ఇంకా చిన్నపిల్లనే అవుతాను.

ఈయన అప్పటిదాకా టీ కలుపుతూ ఉన్నారు. చెంచా కింద పెట్టారు.

"ఆ పిల్లని అందరి ముందుకీ పిలిచింది మనం కదండీ పాస్టరు గారూ. రాలేనని కూడా అనడానికి లేకుండా" అన్నారు. "నేనూ చప్పట్లు కొట్టాను. నాలుగు రోజులుగా అదే కళ్ళలో మెదులుతోంది నాకు."

పది రోజుల కింద నన్ను ఆపిన మనిషే. పాస్టరు గారు టీ తాగకుండానే లేచారు. వాళ్ళు వెళ్ళాక ఇద్దరం ఆ టీలు మళ్ళీ వేడి చేసుకుని తాగాం. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈయన మీద నాకు ఇంత ప్రేమ ఎప్పుడు కలిగిందో గుర్తులేదు.

ఆదివారం, అక్టోబరు 26

చలికాలం లెక్కకి గడియారాలు గంట వెనక్కి తిప్పారు. నాలుగున్నరకే చీకటి ముసురుకొచ్చింది.

కీబోర్డుకి గుడ్డ కప్పి ఉంది. వాళ్ళు ముగ్గురూ రాలేదు. చప్పట్లతోనే పాటలు. నా పక్క కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది, హాలు నిండినా.

క్లాసుకి సగం మందే వచ్చారు. కొడుకుని దింపడానికి వచ్చిన ఒకమ్మాయి గుమ్మం దగ్గర తచ్చాడింది. "ఆంటీ, మావాడేమన్నా చెప్తే ముందు నాకు చెప్పండి, ఏం?" అంది నవ్వుతూ. ఆ నవ్వులో భయం ఉంది. ఆమె మీద కోపం రాలేదు. ఈ దేశంలో మేమందరం ఎవరో ఒకరు తలుపు తడతారనే భయంతోనే బతుకుతున్నాం. కానీ ఆ భయానికి పిల్లల్ని ఎందుకు అడ్డం పెడుతున్నాం?

ఆదివారం, నవంబరు 2

పోటీ లేదని చెప్పేశాను. ఎవర్నీ అడగలేదు.

ఒకడు "యెస్!" అని కుర్చీ మీద గెంతాడు. ఒకతి ఏడ్చింది, అంతా వచ్చేసిందట పాపం. దాన్ని కూర్చోబెట్టుకుని మొత్తం చెప్పించుకున్నాను, అందరం చప్పట్లు కొట్టాం, అయిపోయింది.

తర్వాత కాగితం తీసి, ఒక్కో మాటకీ అర్థం చెప్పాను. ఈ పని ఇన్నేళ్ళలో మొదటిసారి చెయ్యడం. నాలుగు లైన్లు కూడా కాకముందే ఒక పిల్ల అడ్డుపడింది. "సో హి వాజ్ స్కేర్డ్?" అంది, ఆశ్చర్యంగా. అవునమ్మా, బాగా భయపడినవాడు రాసుకున్నదే ఇది అన్నాను. తర్వాత తమకి దేనికి భయమో చెప్పుకోవడం మొదలుపెట్టారు. కుక్కలు. మేడ మెట్లు. మాథ్స్. అమ్మానాన్న గట్టిగా మాట్లాడుకోవడం.

నేను విన్నాను. ఏమీ సర్దిచెప్పలేదు. బెత్తం వాక్యం అందరికీ నోటికొచ్చు మాలో. యేసు పిల్లల్ని దగ్గరికి రానిమ్మన్న సంగతీ తెలుసు, క్రిస్మస్ కార్డుల మీద బొమ్మ కూడా వేస్తాం. వచ్చిన పిల్లలతో ఆయన ఏం అప్పజెప్పించుకున్నాడు? ఏమీ లేదు కదా. ఎత్తుకున్నాడు, అంతే.

మంగళవారం, నవంబరు 4

ప్రోగ్రాంలో పోటీ తీసేసినందుకు తల్లిదండ్రుల ఫిర్యాదులు, వాట్సాప్‌లో. "పిల్లలకి తెలుగు ఎలా వస్తుంది ఆంటీ?" అని ఒకరు. న్యాయమైన ప్రశ్నే. నాకూ తెలీదు.

గురువారం, నవంబరు 6

నిన్న రాత్రి ఇక్కడివాళ్ళ బాన్‌ఫైర్ పండగ బాణసంచా వాసన ఇంకా పోలేదు. షిఫ్టు అయ్యి బయటికొస్తే ట్రామ్ స్టాపులో సునీత. కేర్ హోమ్ యూనిఫాం మీద కోటు. నా కోసమే నిలబడింది.

ప్రకాశ్ ఇప్పుడు పక్క ఊరు రాథరమ్‌లో ఫ్రెండు ఇంట్లో ఉంటున్నాడట. కౌన్సిల్ వాళ్ళు చెప్పినదాకా అక్కడే. శనివారాలు వచ్చి దీవెనని చూస్తాడు, ఒక మనిషి పక్కన ఉండగా. తండ్రులకి ఏదో క్లాసు పెడతారట, దానికి వెళ్తున్నాడు. మొదట్లో మండిపడ్డాడు, ఇప్పుడు వెళ్తున్నాడు. పిల్లని తీసుకుపోలేదు. వీసా సంగతి అడిగిందట, దానికీ దీనికీ ముడిపెట్టం అన్నారట. "నాకింకా నమ్మకం కుదర్లేదాంటీ. పోస్టు వచ్చిందంటే చాలు, విప్పకుండా పక్కన పెట్టేస్తున్నాను."

ట్రామ్ వచ్చింది. ఎక్కలేదు ఇద్దరం.

"రాత్రిళ్ళు పక్క తడిపేది. ఇప్పుడు తడపట్లేదు" అంది. "నిద్రపోతోంది. వారం నుంచి." అని, వెంటనే — "మీకు థాంక్స్ చెప్దామని రాలేదు. మీ మీద నాకింకా కోపంగానే ఉంది."

"ఉండనీమ్మా" అన్నాను.

"ఆ ఆదివారం దాన్ని అందరి ముందుకీ నేనే తోశాను ఆంటీ. వీపు మీద చెయ్యి పెట్టి." ఆ చెయ్యి చూసుకుంది. నేను పట్టుకోబోయాను, వెనక్కి తీసుకుంది. తర్వాతి ట్రామ్‌లో వెళ్ళిపోయింది.

ఆదివారం, నవంబరు 16

ఆరాధనయ్యాక పెద్దల మీటింగు. నన్నూ పిలిచారు, సంజాయిషీకి అని నాకర్థమైంది. సంజాయిషీ చెప్పాను ముందు. పిల్లకి మాటిచ్చి తప్పాను, అదే రోజు చెప్పాల్సిన చోట చెప్పలేదు, పేరొక్కటి తప్ప అన్నీ తెలిసేలా ప్రార్థనాంశంగా చెప్పాను. తర్వాత అడగాల్సినవి అడిగాను. క్లాసులో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళుండాలి. పెద్దల సాక్ష్యం కోసం ఏ పిల్లనీ ముందుకి పిలవకూడదు. పిల్లల విషయం ఏదీ ప్రార్థనాంశంగా బయటికి రాకూడదు. జానెట్‌ని పిలిచి అందరికీ కోర్సు చెప్పించాలి, పాస్టరు గారితో సహా.

"ప్రార్థనకి కూడా రూల్సా కరుణమ్మా?" అన్నారు పాస్టరు గారు. వెటకారం కాదు. నిజంగా బాధపడ్డారు. ఆయనకి ప్రార్థన తప్ప ఇంకో పనిముట్టు లేదు. దానితోనే మమ్మల్నందర్నీ ఇన్నేళ్ళు నిలబెట్టారు, నా ఆపరేషనప్పుడు రాత్రంతా కూర్చున్నారు. అది మర్చిపోలేను.

పాస్టరమ్మ గారు మీటింగుల్లో మాట్లాడరు. బిస్కెట్లు సర్దుతారు. ఇవాళ ప్లేటు పట్టుకుని నిలబడే, "అవునండీ, ఉండాలి" అన్నారు. "మీకు చెప్పింది నేను. మీరు ప్రకాశ్‌కి చెప్పారు. మధ్యలో ఆ పిల్లని ఒక్కళ్ళం అడిగామా?"

పాస్టరు గారు ఆవిడ వైపు చాలాసేపు చూశారు. క్రిస్మస్ అయ్యాక ఆలోచిద్దాం అన్నారు. మీటింగు ముగిసింది.

క్రిస్మస్ అయ్యాక! ఇద్దరు పెద్దవాళ్ళ సంగతికి మాత్రం ఆగలేను. వచ్చే వారం నుంచి క్లాసులో కూర్చుంటానని పాస్టరమ్మ గారే అన్నారు, మెట్ల దగ్గర, మెల్లిగా.

ఆదివారం, నవంబరు 23

పాస్టరమ్మ గారు వచ్చి కూర్చున్నారు. పిల్లలు ఆవిడ చీర కుచ్చిళ్ళ మీద గ్లూ పోశారు. నవ్వారు ఆవిడ. చాలా రోజులకి నేనూ నవ్వాను.

ఆదివారం, నవంబరు 30

సునీత, దీవెన వచ్చారు.

వెనక వరసలో, తలుపు పక్కన కూర్చున్నారు. కొందరు పలకరించారు, కొందరు కీర్తనల పుస్తకంలో తలదూర్చారు. పాస్టరు గారు ప్రసంగం ఆపి "స్వాగతం" అనబోయారు. ఏమనుకున్నారో, అనలేదు. ప్రసంగం కొనసాగించారు. అందుకు ఆయనకి మనసులోనే దణ్ణం పెట్టాను.

క్లాసులో దీవెన మాట్లాడలేదు. రంగులు వేసింది. నేను దగ్గరికి వెళ్ళలేదు, మిగతా పిల్లలకి ఎంత ఇచ్చానో అంతే చూపు దానికీ ఇచ్చాను. కష్టం అది.

అయిపోయాక పిల్లలు బయటికి పరిగెత్తారు. పాస్టరమ్మ గారు గుమ్మం దగ్గర బూట్ల లేసులు కడుతున్నారు ఎవరికో. నేను కుర్చీలు మడుస్తున్నాను. ఎవరో అవతలి అంచు పట్టుకున్నారు. దీవెన.

ఒక కుర్చీ మడిచాం. ఇంకోటి మడిచాం.

"ఆంటీ, ఇఫ్ ఐ టెల్ యూ సమ్‌థింగ్..." ఆగింది. "విల్ యూ ప్రే అబౌట్ ఇట్?"

ప్రార్థన చేస్తావా అని అడగట్లేదు అది. చేస్తావేమోనని భయపడుతోంది. తొమ్మిదేళ్ళ పిల్లకి ఆ మాటంటే భయం పట్టించాం మేము, మోకాళ్ళ మీద కూర్చుని, ఏడ్చి, చప్పట్లు కొట్టి. కుర్చీ గోడకి ఆనించి దాని ఎత్తుకి వంగి కూర్చున్నాను. నా ఇంగ్లీషు చాలలేదు, తెలుగూ కలిపాను, దానికి అర్థమవుతుంది.

"నువ్వు చెయ్యమంటే తప్ప అందరిలో చెయ్యను. కానీ ఎవరికీ చెప్పనని మాత్రం ఈసారి మాటివ్వను. నిన్నెవరైనా బాధపెడుతుంటే చెప్పాల్సిందే. చెప్పాల్సి వస్తే ఎవరికి చెప్తానో, ఎందుకో, ముందు నీకు చెప్తాను. అది ప్రామిస్."

నా మొహంలోకి చూసింది. నిజంగా చూసింది, నేను దాన్ని ఎప్పుడూ చూడనంత జాగ్రత్తగా. కోటు జిప్ పైకి లాక్కుంది, కిందికి లాగింది, మళ్ళీ పైకి.

"ఓకే" అంది. "నాట్ టుడే, దెన్."

"సరేనమ్మా" అన్నాను. వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.

హాలు మెట్ల మీద నుంచే జానెట్‌కి ఫోన్ చేశాను, కోటు కూడా వేసుకోకుండా. ఏదో ఉంది, ఏమిటో చెప్పలేదు అన్నాను. మంచి పని చేశావు, రేపు పొద్దునే కౌన్సిల్ వాళ్ళకి చెప్తాను, నువ్వు మాత్రం గుచ్చి గుచ్చి అడగకు, అక్కడ ఉండు చాలు అంది.

ఏమై ఉంటుంది? శనివారాలు ప్రకాశ్ వచ్చినప్పుడు ఏమన్నా అన్నాడా? సునీతా? స్కూల్లోనా? ఏమీ కాకపోవచ్చు కూడా. పిల్ల నన్ను పరీక్షించి ఉండొచ్చు.

ఇంటికొచ్చి డ్యూటీ రోటా చూశాను. వచ్చే ఆదివారం నాకు వార్డులో లాంగ్ డే పడింది. పొద్దున్నుంచి రాత్రిదాకా. మార్చమని మేనేజరుకి మెసేజ్ పెట్టాను. వేరే వాళ్ళెవరన్నా తీసుకుంటారేమోనని గ్రూపులోనూ అడిగాను. చూసినట్టు టిక్కులు పడ్డాయి. ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.